పేల్చక ముందే తేల్చే లెక్క

అల్యూమినియాన్నీ ఉక్కునూ కరిగించి కలిపితే అతుకు పెళుసుబారుతుంది. వేగంగా ఢీకొట్టిస్తే గట్టిగా అతుక్కుంటాయి. ఎంత వేగంతో, ఏ కోణంలో ఢీకొట్టించాలో కంప్యూటరు ఎలా చెప్పగలుగుతోంది?

భిలాయి ఉక్కు కర్మాగారం రైల్వేకు పంపే పట్టాల్లో 260 మీటర్ల పొడవున్నవి కూడా ఉంటాయి. అంత పొడవు ఒకేసారి రోలింగ్‌లో రాదు. పొట్టి పట్టాల కొసలను ఎదురెదురుగా పెట్టి, కరెంటు పంపి కాల్చి, ఒకదానిమీదికి ఒకటి గట్టిగా అదుముతారు. ఫ్లాష్ బట్ వెల్డింగ్ అనే ఈ పద్ధతిలో పడిన అతుకుల మీద రైళ్లు ఏళ్ల తరబడి పరిగెడతాయి. ఉక్కును ఉక్కుతో అతకడం భిలాయికి వెన్నతో పెట్టిన విద్య.

అదే ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయికి ఈశాన్యంగా ఉన్న కోర్బాలో తయారయ్యేది అల్యూమినియం. అల్యూమినియం తీసే కొలిమిలో, దాదాపు 960 డిగ్రీల వేడిలో ఉన్న లవణ ద్రవంలోకి కార్బన్ దిమ్మలను దించి, వాటి గుండా కరెంటు పంపుతారు. కరెంటు తెచ్చే కడ్డీని అల్యూమినియంతో చేయడం మేలు. తేలికగా ఉంటుంది, కరెంటును బాగా మోస్తుంది. కార్బన్ దిమ్మను పట్టుకునే కింది భాగం మాత్రం ఉక్కుదే కావాలి. ఆ వేడికి అల్యూమినియం నిలవదు. కాబట్టి కడ్డీకీ కింది భాగానికీ మధ్య ఎక్కడో ఒకచోట ఈ రెండు లోహాలూ కలిసి తీరాలి. వేల ఆంపియర్ల కరెంటు ఆ అతుకు దాటాలి.

మామూలు వెల్డింగ్ ఇక్కడ చేతులెత్తేస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇనుము 1,538 డిగ్రీల దాకా కరగదు. ఎలాగోలా రెండింటినీ కరిగించి కలిపినా, చల్లారేటప్పుడు మధ్యలో ఇనుము-అల్యూమినియం సమ్మేళనాల పొర ఏర్పడుతుంది. ఆ పొర గాజులా పెళుసు. కాస్త దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది. అందుకే ప్రపంచంలోని చాలా స్మెల్టర్లలో ఈ చోట ఒక చిన్న దిమ్మ వాడతారు. దాని పైభాగం అల్యూమినియం, కిందిభాగం ఉక్కు. పైన అల్యూమినియం కడ్డీని, కింద ఉక్కును మామూలు పద్ధతిలో వెల్డ్ చేసుకోవచ్చు. ఆ దిమ్మలోని రెండు లోహాలను కలిపేది మాత్రం పేలుడు.

## యుద్ధం చూపిన దారి

లోహాలు ఢీకొని అతుక్కుంటాయన్న సంగతిని మొదట గమనించింది వెల్డర్లు కాదు, పేలుడు పదార్థాలతో పనిచేసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుండ్ల ముక్కలు కవచాలకు కరుచుకుపోయి కనిపించేవి. 1944లో అమెరికాలో ఎల్.ఆర్.కార్ల్ అనే పరిశోధకుడు, పేలుడు ధాటికి రెండు ఇత్తడి రేకులు అతుక్కుపోయిన వైనాన్ని ప్రచురించాడు. దాదాపు అదే కాలంలో కీవ్‌లో మిఖాయిల్ లావ్రెంత్యేవ్ బృందం కూడా ఇలాంటి అతుకులను చూసింది. భిలాయిలో సోవియట్ ఇంజనీర్లు కర్మాగారం కడుతున్న రోజుల్లోనే, 1957లో, లావ్రెంత్యేవ్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్ దగ్గర శాస్త్రనగరం నిర్మాణానికి పూనుకున్నాడు. అక్కడి హైడ్రోడైనమిక్స్ సంస్థలో 1960ల్లో ఈ వెల్డింగ్‌కు శాస్త్రీయ పునాది పడింది. లోహానికీ నీటి గమనాన్ని చదివే శాస్త్రానికీ సంబంధం ఏమిటన్నది ఇంకాసేపట్లో తెలుస్తుంది.

అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఈ పద్ధతిని వ్యాపార స్థాయికి తెచ్చింది. 1965లో ఆ దేశం కొన్ని చిల్లర నాణేల్లో వెండి మానేసి రాగి, నికెల్ పొరలకు మారినప్పుడు, కొంత లోహాన్ని పేలుడుతోనే అతికించి ఇచ్చింది. ఆ తర్వాత రసాయన కర్మాగారాల పీడన పాత్రలకు ఉక్కు మీద టైటానియం పొర, ఓడల్లో ఉక్కు దేహం మీద అల్యూమినియం పైకట్టడం నిలిపే పట్టీలు, ఇలా వాడకం పెరిగింది.

## కరగకుండా ఎలా అతుకుతుంది?

ఏ రెండు లోహపు ముక్కలనైనా పరమాణువుల దూరానికి దగ్గర చేస్తే అవి అతుక్కోవాలి. రోజూ మన చేతిలోని చెంచాలు అలా అతుక్కోకపోవడానికి కారణాలు రెండు. ప్రతి లోహం మీదా కంటికి కనిపించని ఆక్సైడ్ పొర, తేమ, మడ్డి ఉంటాయి. ఎంత నున్నగా తోమినా ఉపరితలం మీద సూక్ష్మమైన మిట్టపల్లాలు మిగులుతాయి. ఈ రెండు అడ్డంకులనూ ఒకే దెబ్బకు తొలగించడమే ఢీకొట్టి అతికే పద్ధతి చేసే పని.

కింద మందపాటి ఉక్కు ప్లేటు. దాని మీద కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆనింపుల మీద పలుచటి ప్లేటు. దాని మీద పొడి పేలుడు మందు పరుస్తారు. ఒక అంచున ముట్టిస్తే పేలుడు అవతలి అంచుదాకా పరిగెత్తుతుంది. పేలుడు ఎంతవరకు చేరిందో అంతవరకు పై ప్లేటు కిందికి వంగి, సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో కింది ప్లేటును ఢీకొంటుంది. ముందున్న భాగం ఇంకా పైనే ఉంటుంది. అందువల్ల రెండు ప్లేట్లూ ఎప్పుడూ ఒక సన్నని కోణంలో కలుస్తుంటాయి.

కత్తెర మూస్తున్నప్పుడు చూడండి. అంచులు నెమ్మదిగానే దగ్గరవుతాయి, అవి కలిసే చోటు మాత్రం కొసవైపు జోరుగా పరిగెడుతుంది. నోటి మధ్య మందపాటి జారుడు వస్తువేదైనా ఉంటే తెగకుండా ముందుకు తోసుకుపోతుంది. ప్లేట్ల మధ్య జరిగేదీ ఈ రెండూ. పై ప్లేటు సెకనుకు 400 మీటర్ల వేగంతో దిగుతుంటే, ప్లేట్లు కలిసే చోటు సెకనుకు 2,500 మీటర్ల వేగంతో ముందుకు పోవచ్చు. అప్పుడు వాటి మధ్య కోణం దాదాపు 9 డిగ్రీలు. కలిసే చోట పుట్టే పీడనం, ఉక్కును ఉక్కు ఢీకొంటే, స్థూలంగా 70,000 వాతావరణ పీడనాలు. మామూలు ఉక్కు లొంగిపోయే ఒత్తిడికి ఇది సుమారు 20 రెట్లు. అంత పీడనం కింద లోహం ఘనంగా ఉంటూనే ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఉపరితలాల మీది పలుచటి పొర ఊడి, మురికితో సహా, కోణం తెరిచి ఉన్న వైపుకు సన్నని ధారగా చిమ్ముకుపోతుంది. దీన్ని జెట్ అంటారు. వెనుక మిగిలేది గాలి సోకని కొత్త లోహం. మరుక్షణమే ఆ రెండు కొత్త ముఖాలూ ఒకదానిలో ఒకటి అదిమినట్టు కలిసిపోతాయి.

అలా అతికిన ప్లేటును కోసి, మెరుగుపెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే సరిహద్దు చాలాసార్లు తిన్నని గీతలా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. వేర్వేరు వేగాలతో పోయే రెండు ప్రవాహాల సరిహద్దులో అలలు లేచే తీరును పోలినదే ఇది. నోవోసిబిర్స్క్‌లో ఈ వెల్డింగ్ హైడ్రోడైనమిక్స్ వాళ్ల చేతికి రావడానికి కారణం ఇదే.

> పెట్టె 1: నాలుగు హద్దుల కిటికీ
>
> అడ్డంగా కలిసే చోటి వేగం, నిలువుగా కోణం పెట్టి పటం గీస్తే, మంచి అతుకు పడే పరిస్థితులన్నీ ఒక మూసిన ప్రాంతంలో ఉంటాయి. దాన్ని వెల్డింగ్ కిటికీ అంటారు.
>
> కింది హద్దు: దెబ్బ చాలకపోతే ఉపరితలం లొంగదు, జెట్ పుట్టదు. ప్లేటు తాకి విడిపోతుంది.
>
> పై హద్దు: దెబ్బ మరీ ఎక్కువైతే సరిహద్దు కరిగిపోతుంది. ఏ పెళుసు పొరను తప్పించుకోవాలనుకున్నామో అదే తిరిగి వస్తుంది.
>
> కుడి హద్దు: కలిసే చోటు లోహంలో ధ్వని కన్నా వేగంగా పరిగెడితే, ఒత్తిడి కబురు ముందున్న ఉపరితలానికి చేరే లోపే ఢీకొనడం జరిగిపోతుంది. జెట్ చిమ్మే వీలుండదు, మురికి లోపలే చిక్కుకుంటుంది.
>
> ఎడమ హద్దు: కలిసే చోటు మరీ నిదానిస్తే సరిహద్దులో అలలు రావు, తిన్నగా ఉండిపోతుంది. అలలున్న సరిహద్దునే కోరుకునేవారు దీన్ని హద్దుగా తీసుకుంటారు.

## బలమైన మందు ఎందుకు పనికిరాదు?

కుడి హద్దు వల్ల విచిత్రమైన ఫలితం ఒకటి ఉంది. రెండు ప్లేట్లనూ సమాంతరంగా అమరిస్తే, అవి కలిసే చోటి వేగం పేలుడు పరిగెత్తే వేగమే. ఆర్‌డీఎక్స్ వంటి సైనిక పేలుడు పదార్థాల్లో ఆ వేగం సెకనుకు 8,000 మీటర్లు దాటుతుంది. లోహాల్లో ధ్వని వేగాన్ని అది ఎప్పుడో మించిపోయింది. కాబట్టి మందు ఎంత బలమైనదైతే అతుకు అంత చెడుతుంది.

ఈ పనికి కావలసింది నిదానమైన మందు. భిలాయి చుట్టుపక్కల జనానికి అది పరిచయమైనదే. ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాయిని పగలగొట్టడానికి విరివిగా వాడే అమ్మోనియం నైట్రేట్, డీజిల్ మిశ్రమమే పేలుడు వెల్డింగ్‌కూ పనికొస్తుంది. దానిలో ఇసుక వంటి జడపదార్థం కలిపి, పేలుడు వేగాన్ని సెకనుకు 2,000 నుంచి 3,500 మీటర్ల మధ్య కావలసిన చోటికి దించుకుంటారు. దల్లీ-రాజహరా గనులు నడిచే ప్రాంతంలో బ్లాస్టింగ్ అనుభవానికి కొదవలేదు. ఒక తేడా ఉంది. గనిలో రాయి విరిగితే చాలు. ఇక్కడ పై ప్లేటు ప్రతి చోటా ఒకే వేగంతో, ఒకే కోణంలో దిగాలి.

అంటే తేల్చుకోవలసినవి చాలానే ఉన్నాయి. మందు పొర మందం, అందులో కలిపే ఇసుక పాలు, ప్లేట్ల మధ్య ఖాళీ, పై ప్లేటు మందం. నాలుగింటికీ ఐదేసి విలువలు అనుకున్నా 625 కలయికలు వస్తాయి. ఒక్కో దానికి ఒక్కో ప్లేటు పేల్చి, కోసి, పరీక్షించి తెలుసుకోవాలంటే లోహమూ కాలమూ హరించుకుపోతాయి. పైగా మన దేశంలో పేలుడు పదార్థాల ప్రతి కదలికా నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో సంస్థ నిబంధనలకు లోబడాలి. సరదాకు నాలుగు ఎక్కువ పేల్చి చూద్దామంటే కుదిరేది కాదు. కంప్యూటరు అవసరం ఇక్కడే పడుతుంది.

## రెండు అంచెల్లో లెక్క

మొదటి అంచెలో మొత్తం ప్లేటును చూస్తారు. ఇంత మందు, ఇంత బరువు ప్లేటు మీద పేలితే ప్లేటుకు ఎంత వేగం వస్తుంది? ఈ ప్రశ్నకు స్థూలమైన జవాబును రొనాల్డ్ గర్నీ 1943లోనే ఇచ్చాడు. మందు బరువుకూ లోహం బరువుకూ ఉన్న నిష్పత్తిని బట్టి వేగాన్ని అంచనా కట్టే సూత్రం ఆయనది. కంప్యూటరు దాన్ని సూక్ష్మం చేస్తుంది. ముట్టించిన అంచు దగ్గర పేలుడు ఇంకా పుంజుకోక వేగం ఎలా తగ్గుతుందో, చివర వాయువులు పక్కకు తప్పించుకుని ఒత్తిడి ఎలా పడిపోతుందో చూపిస్తుంది. ప్లేటులో ప్రతి చోటుకూ వేగం ఎంత, కోణం ఎంత అన్నవి ఇక్కడ తేలుతాయి.

రెండో అంచెలో కలిసే చోటును మాత్రమే తీసుకుని భూతద్దంలోలా పెద్దది చేస్తారు. జెట్ పుట్టిందా? సరిహద్దు ఎంత వేడెక్కింది? అలలు లేచాయా? ఈ అంచెలోనే లెక్క మొరాయిస్తుంది. మామూలు పద్ధతిలో లోహాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కో గడి మీద బలాలను లెక్కగడతారు. లోహం కదిలితే గళ్లూ కదులుతాయి. కారు గుద్దుకునే పరీక్షకు ఇది సరిపోతుంది. జెట్ చిమ్మే చోట మాత్రం గళ్లు మెలితిరిగి, ఒకదాన్నొకటి చీల్చుకుని, ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, గళ్లను కదలనివ్వకుండా నిలిపి, వాటి గుండా లోహాన్ని ప్రవహించనివ్వడం. రెండోది, గళ్లను పూర్తిగా వదిలేసి లోహాన్ని కణాల గుంపుగా భావించడం. ప్రతి కణం తన చుట్టుపక్కల కణాలతో ఒత్తిడినీ వేడినీ పంచుకుంటుంది. ఎంత చిమ్మినా, ఎంత మెలితిరిగినా కణాల లెక్క తెగదు. ఎస్‌పీహెచ్ అని పిలిచే ఈ పద్ధతిని 1977లో నక్షత్రాల పుట్టుక వంటి ఖగోళ సమస్యల కోసం కనిపెట్టారు. అది ఇప్పుడు మిల్లీమీటరులో వందో వంతు పొరల్లో జరిగే వెల్డింగ్‌ను చూపించడానికి పనికొస్తోంది. అలలనూ జెట్‌నూ రెంటినీ చక్కగా చూపగలగడమే దీని బలం.

> పెట్టె 2: మొత్తం ప్లేటును ఒకేసారి ఎందుకు చూడలేం?
>
> సరిహద్దును స్పష్టంగా చూడాలంటే గడి పరిమాణం 5 మైక్రోమీటర్లు అనుకుందాం. లెక్క కాలంలో వేసే ఒక్కో అడుగులో ధ్వని ఒక గడిని మించి దాటకూడదన్నది ఇలాంటి లెక్కల మూలసూత్రం. ధ్వని వేగం సెకనుకు 5,000 మీటర్లయితే ఒక్కో అడుగు ఒక నానోసెకను మించరాదు.
>
> రెండున్నర మీటర్ల ప్లేటును కలిసే చోటు దాటడానికి ఒక మిల్లీసెకను. అంటే 10 లక్షల అడుగులు. 25 మిల్లీమీటర్ల మందానికి ఒక నిలువు కోత మాత్రమే తీసుకున్నా గళ్లు 250 కోట్లు.
>
> అదే 5 మిల్లీమీటర్ల ముక్కను తీసుకుంటే కలిసే చోటు దాన్ని 2 మైక్రోసెకన్లలో దాటేస్తుంది. 2,000 అడుగులు చాలు. అందుకే మొదటి అంచెలో దూరం నుంచి, రెండో అంచెలో దగ్గర నుంచి చూస్తారు.

## కరిగినా గట్టిపడే వ్యవధి

పై హద్దును తేల్చడంలో కంప్యూటరు చేసే మేలు అన్నిటికన్నా ఎక్కువ. ఢీకొన్న క్షణాన పుట్టిన ఒత్తిడి అల పై ప్లేటులో పైకి వెళ్లి, ఖాళీ ముఖాన్ని తాకి, లాగే అలగా మారి కిందికి తిరిగి వస్తుంది. 5 మిల్లీమీటర్ల ప్లేటులో ఈ రాకపోకలకు పట్టేది సుమారు 2 మైక్రోసెకన్లు. అది తిరిగివచ్చే సరికి సరిహద్దు ఇంకా కరిగే ఉంటే, ఆ లాగుడుకు రెండు ప్లేట్లూ విడిపోతాయి. ఈలోగా గట్టిపడి ఉంటే అతుకు నిలుస్తుంది.

కాబట్టి కొద్దిగా కరగడం తప్పేమీ కాదు. కరిగిన పొర ఎంత పలుచగా ఉందన్నదే ముఖ్యం. పలుచటి పొర చుట్టూ ఉన్న చల్లని లోహం దాని వేడిని క్షణంలో గుంజేసుకుంటుంది. పై ప్లేటు పలుచనైతే అల త్వరగా తిరిగివస్తుంది, వ్యవధి తగ్గుతుంది. ఏ కొలత సాధనమూ లోపలికి చొరబడి చూడలేని ఈ పందెం ఫలితాన్ని సిమ్యులేషన్ అడుగడుగునా చూపగలదు.

## మందు లేకుండా, అయస్కాంతంతో

చిన్న వస్తువులకు మందు అవసరం లేదు. కెపాసిటర్లలో నింపిన విద్యుత్తును ఒక్కసారిగా రాగి చుట్టలోకి వదిలితే లక్షల ఆంపియర్ల కరెంటు కొన్ని మైక్రోసెకన్లలో పుంజుకుంటుంది. చుట్ట పక్కనున్న అల్యూమినియం లేదా రాగి గొట్టంలో దానికి ఎదురు కరెంటు పుడుతుంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకోవడంతో గొట్టం లోపలికి దూసుకెళ్లి, అక్కడున్న కడ్డీని ఢీకొని అతుక్కుంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శాస్త్రవేత్తలు ఈ విద్యుదయస్కాంత వెల్డింగ్ మీద పరిశోధన చేశారు. విశాఖపట్నం దగ్గరి బార్క్ ప్రాంగణంలో ఇటువంటి క్షణికమైన విద్యుత్ విడుదలలను అధ్యయనం చేసే విభాగమూ ఉంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్లెన్ డేన్, అనుపమ్ వివేక్ ఇంకో దారి తీశారు. పలుచటి అల్యూమినియం రేకు గుండా కరెంటు పంపి దాన్ని ఆవిరి చేస్తారు, ఆ ఆవిరి ధాటికి పై ప్లేటు ఎగురుతుంది.

పేలుడు వెల్డింగ్‌లో వేగం, కోణం చాలా దూరం ఒకేలా ఉంటాయి. ఈ చిన్న పద్ధతుల్లో ఎగిరే లోహం వంగుతూ దిగడం వల్ల ప్రతి మిల్లీమీటరుకూ కోణం, వేగం మారుతుంటాయి. తొలి తాకిడి నిటారుగా ఉంటుంది, కోణం లేదు కాబట్టి అక్కడ అతకదు. కొంచెం పక్కకు జరిగితే కిటికీలోకి ప్రవేశిస్తుంది, ఇంకా జరిగితే బయటికి పోతుంది. అందుకే చాలాసార్లు అతుకు ఒక సన్నని పట్టీలా పడుతుంది. కొంతకాలం ఇది అంతుపట్టని సంగతిలా కనిపించినా, సిమ్యులేషన్‌లో ఆ దారిని కిటికీ పటం మీద గీసి చూస్తే ఎక్కడ అతుకుతుందో ముందే తెలుస్తుంది. ఖాళీని అర మిల్లీమీటరు మార్చితే పట్టీ ఎంత వెడల్పవుతుందో కూడా.

## లెక్కను ఎంత నమ్మాలి?

కంప్యూటరు తనకు చెప్పిన లోహాన్నే లెక్కగడుతుంది. సాగే వేగం పెరిగేకొద్దీ లోహం ఎంత గట్టిపడుతుంది, వేడెక్కేకొద్దీ ఎంత మెత్తబడుతుంది అన్నదానికి ఎక్కువమంది వాడేది జాన్సన్, కుక్ 1983లో ఇచ్చిన నమూనా. అందులోని విలువలను ప్రయోగశాలలో కొలుస్తారు. వెల్డింగ్‌లో లోహం సాగే వేగం ఆ ప్రయోగాల్లోని వేగం కన్నా వందల రెట్లు ఎక్కువ కావచ్చు. తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి గీతను పొడిగించినట్టే అది.

అందుకని రెండు చోట్ల సరిచూస్తారు. మొదటిది వేగం. కదిలే ప్లేటు మీద లేజరు వేసి, తిరిగివచ్చే కాంతిలో వచ్చిన మార్పును బట్టి వేగాన్ని నానోసెకన్ల స్థాయిలో కొలిచే పరికరాలు ఇప్పుడున్నాయి. రెండోది అతుకు. ప్లేటును కోసి అలల ఎత్తును, కరిగిన పొర మందాన్ని లెక్కతో పోల్చుతారు. అల్ట్రాసౌండుతో లోపల ఖాళీలు వెతుకుతారు, వంచి చూస్తారు, అతుకు మధ్య ఉలి పెట్టి కొడతారు. కొద్ది పరీక్షల్లో లెక్కా లోహమూ ఒకే మాట చెబితేనే మిగతా వందల కలయికలకు లెక్క మాటను తీసుకోవచ్చు.

## ఎంచుకోవలసిన చోటు

కంప్యూటరు చేతిలో ఉన్నప్పుడు, అత్యంత గట్టి అతుకు ఇచ్చే బిందువును వెతకాలన్న ఆశ పుడుతుంది. కర్మాగారంలో అది తప్పుడు గురి. అత్యధిక బలం చాలాసార్లు పై హద్దుకు దగ్గరలో దొరుకుతుంది. మైదానంలో మందు పొర ఒకచోట రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పడుతుంది. తేమకు మందు వేగం మారుతుంది. ప్లేటు కొంచెం వంగి ఉంటుంది, ఖాళీ ఒక మూల తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటి అటూ ఇటూ అయినా హద్దు దాటిపోతాం.

మెరుగైన పద్ధతి వేరు. ఎంచుకున్న ప్రతి పరిస్థితి చుట్టూ ఈ పొరపాట్లన్నిటినీ కావాలనే కలిపి, కంప్యూటరులో వందలసార్లు లెక్క నడుపుతారు. ఎన్నిసార్లు కిటికీలోనే మిగిలామన్నదే మార్కు. బలం కాస్త తగ్గినా, ఎటు జరిగినా హద్దు దూరంగా ఉన్న చోటే నెగ్గుతుంది. వెల్డింగ్ కిటికీ చేతి లెక్కలతోనూ గీయవచ్చు. ఏ చోటు ఎంత పొరపాటును ఓర్చుకుంటుందో మాత్రం వందలసార్లు నడిపి చూడగలిగే కంప్యూటరే చెప్పగలదు.

భిలాయికి ఇది దూరపు సంగతి కాదు. ఇక్కడి మిల్లు వెడల్పాటి ప్లేట్లు తీస్తుంది. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ రూపొందించిన ఉక్కుతో చేసిన ప్లేట్లు, 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి ఇక్కడి నుంచి కూడా వెళ్లాయి. ఇక్కడి మామూలు ఉక్కు ప్లేటుకు పలుచటి స్టెయిన్‌లెస్ లేదా టైటానియం తొడుగు అతికితే, మొత్తం ప్లేటును ఖరీదైన లోహంతో చేయనక్కర్లేదు. బలం ఉక్కు ఇస్తుంది, తుప్పును తొడుగు ఆపుతుంది. ప్లేటు మిల్లు, గనుల బ్లాస్టింగ్ అనుభవం, 2016లో మొదలైన ఐఐటీ, ఇవన్నీ ఒకే ప్రాంతంలో ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. రెండో అంచె లెక్కకు ఒక మంచి వర్క్‌స్టేషన్ చాలు. విద్యార్థులు నేర్చుకోదగ్గ పని ఇది. వాళ్లు చూపిన నాలుగైదు పరిస్థితులనే మైదానంలో పేల్చి చూడాలి. చివరికి ప్లేటును ఒప్పుకోవాలా, తిరగ్గొట్టాలా అన్నది ఉలి పరీక్షే చెబుతుంది. దాని ముందుకు వెళ్లే చెడ్డ ప్లేట్ల సంఖ్యను తగ్గించడం వరకే కంప్యూటరు పని, ఖర్చులో ఎక్కువ భాగం మిగిలేదీ అక్కడే.